సముద్రం లేని హైదరాబాద్‌కు సముద్రంలో పనుంది: ఔషధ పరిశ్రమ పెద్దలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ఔషధ కంపెనీల అధిపతులకు, వాటి పరిశోధన విభాగాల బాధ్యులకు, తెలంగాణ ప్రభుత్వంలో లైఫ్ సైన్సెస్ వ్యవహారాలు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ఈ నగరంలో ఎం.ఎస్సీ. విద్యార్థులకు కర్బన రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని. నా దగ్గర చదువుకున్న పిల్లలు జీడిమెట్లలో, బొల్లారంలో, పాశమైలారంలో, జీనోమ్ వ్యాలీలో మీ లాబొరేటరీల్లోనే పనిచేస్తున్నారు. మీతో నాకు వ్యాపార సంబంధం ఏదీ లేదు, విన్నపం ఒకటి ఉంది. సముద్రజీవులు తయారుచేసే రసాయనాల్లో కొత్త మందులను వెతికే పనిని హైదరాబాద్ తన పనిగా తీసుకోవాలి. అందుకు మీరంతా కలిసి పూనుకోవాలి. తీరమే లేని ఊరికి ఈ పని ఎందుకని మీలో కొందరైనా అడుగుతారు. ఇన్ని దశాబ్దాల వెతుకులాట చరిత్ర చదివితే, ఒడ్డున ఆగిపోయిన మందులకంటే ప్రయోగశాల ఫ్లాస్కు దగ్గర ఆగిపోయిన మందులే ఎక్కువ కనిపిస్తాయి. ఫ్లాస్కులో పని మనకు వచ్చు. నా వాదన అంతా దీని మీదే నిలబడి ఉంది.

ముందు ఒక స్పంజిక సంగతి చెప్పాలి. వెర్నర్ బెర్గ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఫ్లోరిడా తీరంలో సేకరించిన స్పంజిక నుంచి 1950 ప్రాంతంలో కొన్ని వింత న్యూక్లియోసైడ్లను, అంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను కట్టే ఇటుకల్లాంటి అణువులను, వేరుచేశాడు. మన డీఎన్ఏలో, ఆర్ఎన్ఏలో ఉండే చక్కెరలు డీఆక్సీరైబోజ్, రైబోజ్. ఈ స్పంజిక న్యూక్లియోసైడ్లలో వాటి చోట అరబినోజ్ ఉంది. రైబోజ్‌తో పోలిస్తే ఒక్క హైడ్రాక్సిల్ దిక్కు మారింది, అంతే తేడా. అలాంటి అణువును కణం తనదే అనుకుని డీఎన్ఏ అల్లికలోకి తీసుకుంటుంది, అక్కడితో అల్లిక ఆగిపోతుంది. ఆ నమూనా చూసి రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన సైటరబిన్‌కు 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ రోజుకీ రక్త క్యాన్సర్ చికిత్సలో అది మూలస్తంభం. మన నగరంలో ఏ క్యాన్సర్ ఆసుపత్రి మందుల గదిలోకి వెళ్లినా ఆ సీసా ఉంటుంది. దానికి తోబుట్టువు లాంటి విడరబిన్ 1976లో హెర్పిస్ మీద వాడే మందుగా వచ్చింది. చక్కెర భాగాన్ని మార్చి వైరస్‌ను, క్యాన్సర్ కణాన్ని బోల్తా కొట్టించవచ్చన్న ఆలోచన అలా బలపడింది. హైదరాబాద్ కంపెనీలు ప్రపంచానికి పంపే హెచ్‌ఐవీ మందుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఈ ఆలోచనే. 2020 కరోనా రోజుల్లో మన నగరంలో రాత్రింబవళ్లు తయారైన రెమ్డెసివిర్ కూడా న్యూక్లియోసైడ్ కుటుంబానిదే. అవి నేరుగా స్పంజిక నుంచి వచ్చాయని నేను అనడం లేదు. కానీ ఆ దారి మొదటి మలుపుల్లో ఒక స్పంజిక ఉంది.

స్పంజికకు ఈ విద్య ఎందుకు అబ్బింది? దానికి కాళ్లు లేవు, పళ్లు లేవు, గట్టి గుల్ల లేదు. పుట్టిపెరిగాక ఒకే బండను అంటిపెట్టుకుని బతుకుతుంది. చేపలు కొరకడానికి వస్తాయి, పక్కనున్న పగడం చోటు ఆక్రమిస్తుంది, లీటర్ల కొద్దీ నీటిని వడకట్టుకుని తింటుంది గనుక ఆ నీటితోపాటు కోట్ల సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. కాచుకోవడానికి దానికి ఉన్నది రసాయనం ఒక్కటే. వదిలిన విషం క్షణంలో సముద్రంలో కలిసి పలచబడుతుంది కాబట్టి, అత్యల్ప మోతాదులో పనిచేసే అణువు ఉన్న జీవికే మనుగడ. మందు కోసం వెతికేవాళ్లు కోరుకునే గుణం కూడా ఇదే. పైగా సముద్రపు నీటిలో క్లోరిన్, బ్రోమిన్ పుష్కలంగా ఉన్నాయి, ఈ జీవులు వాటిని అణువుల్లో కూర్చే తీరు నేల మీది మొక్కల్లో అరుదు. సముద్రం నుంచి ఇప్పటివరకు ముప్పై వేలకు పైగా సమ్మేళనాలు వేరుచేశారు. మందులుగా అనుమతి పొందినవి మాత్రం ఓ పదిహేను, అటూ ఇటూగా. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎందుకుందో చూడాలి.

జపాన్ స్పంజిక హాలికోండ్రియా ఒకడై నుంచి హిరాటా, ఉమురాలు 1986లో హాలికోండ్రిన్-బి అనే అణువును వెలికితీశారు. 600 కిలోల స్పంజికను పిండితే దక్కింది 12.5 మిల్లీగ్రాములు. క్యాన్సర్ కణాల మీద దాని దెబ్బ అసాధారణమని తేలింది. తర్వాత న్యూజిలాండ్ సముద్రంలో మరో స్పంజికను ఒక టన్ను సేకరించినా మూడు వందల మిల్లీగ్రాములకు అటూ ఇటూగానే వచ్చింది. అలా అయితే రోగులకు మందు ఇవ్వాలంటే సముద్రం అడుగును ఊడ్చేయాలి. 1992లో హార్వర్డ్‌లో యోషిటో కిషి బృందం ఆ అణువును మొదటినుంచి చివరిదాకా ఫ్లాస్కులో నిర్మించింది. ఆ క్రమంలో అణువులో సగం ఉంటే చాలు, పని జరుగుతుందని తెలిసింది. ఆ సగాన్ని సానబట్టి చేసిందే ఎరిబులిన్. 2010లో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అమెరికా అనుమతి ఇచ్చింది. ఆ 'సగం'లోనే 19 స్టీరియో కేంద్రాలున్నాయి (పరమాణువుల దిక్కు తప్పితే అణువే మారిపోయే చోట్లు), తయారీలో అరవైకి పైగా అంచెలున్నాయి. ప్రపంచంలో పూర్తిగా సంశ్లేషణతో, వాణిజ్య స్థాయిలో తయారవుతున్న అత్యంత క్లిష్టమైన మందుల్లో అది ఒకటి.

పెద్దలారా, ఈ కథలో సముద్రం చేసిన పని ఎంత? మొదటి 12.5 మిల్లీగ్రాములు. మిగిలిందంతా అంచెల లెక్క, దిగుబడి లెక్క, ఇంప్యూరిటీల లెక్క, స్ఫటికీకరణ, కాలమ్ లేకుండా శుద్ధి చేసే ఉపాయం. మీ ప్రాసెస్ ఆర్ అండ్ డి విభాగాల్లో రోజూ జరిగేది ఇదే కదా! 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ మొదలైనప్పటి నుంచి ఈ నగరం నేర్చుకున్నది ఇదే. కిలో పది లక్షలు పలికే అణువును లక్షకు దింపడం ఎలాగో హైదరాబాద్ కెమిస్టుకు తెలిసినంతగా ప్రపంచంలో కొద్దిమందికే తెలుసు. ఇది పొగడ్త కాదు, మీ రియాక్టర్ల మధ్య ఎదిగిన మా విద్యార్థులను చూసి చెబుతున్న మాట.

ట్రబెక్టెడిన్ చరిత్ర కూడా ఇలాగే నడిచింది. కరేబియన్‌లోని మడచెట్ల వేళ్లకు అంటుకుని బతికే అసిడియన్ అనే సంచిలాంటి సముద్రజీవి సారంలో క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం ఉందని 1969లోనే గమనించారు. ఆ అణువు నిర్మాణం తేలడానికి 1990 దాకా పట్టింది. ఆ మూలం నుంచి టన్ను జీవులకు గ్రాము మందు చొప్పునే వచ్చేది. ఆ చిక్కు నుంచి చివరికి గట్టెక్కించింది కిణ్వన ప్రక్రియ. ఒక సూడోమోనాస్ బాక్టీరియా ఇచ్చే సఫ్రాసిన్-బిని ముడిసరుకుగా తీసుకుని, మిగతా అంచెలు రసాయన శాస్త్రంతో పూర్తిచేశారు. ఐరోపాలో 2007లో, అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. కిణ్వనం, ఆపైన రసాయన సంశ్లేషణ, ఈ జోడీ కూడా మీకు కొత్త కాదు. ఇంకో విశేషం తర్వాత బయటపడింది. అసలు ఆ అణువును తయారుచేస్తున్నది అసిడియన్ కాదు, దాని శరీరంలో కాపురముంటున్న బాక్టీరియా. సముద్రపు కుందేలు అనే మెత్తని నత్తలో దొరికిన డోలాస్టాటిన్-10ను కూడా అది తినే సయనోబాక్టీరియా తయారుచేస్తుందని తేలింది. జార్జ్ పెటిట్ బృందం హిందూ మహాసముద్రంలో 1972లో సేకరించిన ఆ సముద్రపు కుందేలు నుంచి వచ్చిన అణువు నేరుగా మందుగా నెగ్గలేదు, విషం మరీ ఎక్కువైంది. దాని రూపాన్ని కాస్త మార్చి యాంటీబాడీకి తగిలించినప్పుడు 2011లో బ్రెంటక్సిమాబ్ వెడోటిన్ వచ్చింది, హాడ్జ్‌కిన్ లింఫోమా రోగులకు ప్రాణాధారమైంది. ఇలా యాంటీబాడీకి మందు తగిలించిన వాటిని ఏడీసీలు అంటారు. ప్రస్తుతం ఔషధ ప్రపంచమంతా మాట్లాడుకునే ఈ ఏడీసీలలో చాలావాటిలో క్యాన్సర్ కణాన్ని చంపే భాగం ఆ సముద్రపు విషం నుంచి వచ్చిందే.

నత్తల గురించి కూడా ఒక మాట. ఫిలిప్పీన్స్‌లో పుట్టి యూటా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన బాల్డొమెరో ఒలివెరా శంకు నత్తల విషాన్ని దశాబ్దాలపాటు శోధించారు. ఆ విషంలోని 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను లాబొరేటరీలో తయారుచేయగా, జికోనొటైడ్ పేరుతో 2004లో నొప్పి మందుగా అనుమతి వచ్చింది. వెన్నుపాము ద్రవంలోకే ఎక్కించాల్సి రావడం, మానసిక దుష్ప్రభావాలు ఉండటం వల్ల దాని వాడకం పరిమితం. అయినా మార్ఫిన్ వల్ల ఫలితం లేని రోగికి అది మరో తలుపు. ఒక జాతి శంకు నత్త చేపను పట్టడానికి ఇన్సులిన్‌ను నీటిలోకి వదులుతుందని 2015లో అదే బృందం కనుగొంది. చేప రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పుతుంది. మనిషి ఇన్సులిన్‌కంటే పొట్టిగా, వెంటనే పనిచేసే ఆ రూపం కొత్త ఇన్సులిన్ల రూపకల్పనకు పాఠమైంది. ఇంటికొకరు మధుమేహంతో ఉన్న మన తెలుగు నేల మీద ఈ వార్త ఎంత పెద్దదో నేను చెప్పాలా?

మన దగ్గర ఈ పని అసలు జరగలేదని కాదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో సముద్రపు స్పంజికల మీద, అసిడియన్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది, అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం మన తీరపు స్పంజికలను, మెత్తని పగడాలను తరచి చూసింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్ఐ ముందుండి నడిపిన జాతీయ కార్యక్రమం కింద దేశంలోని పలు సంస్థలు నమూనాలు సేకరించాయి, పరీక్షించాయి. మందుల దుకాణం దాకా వచ్చింది ఏదీ లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన వాళ్లు ఊరికే అనలేదు. కొత్త అణువు, దాని నిర్మాణం, ఒక వ్యాసం, ఒక పీహెచ్‌డీ, అక్కడితో కథ ముగిసింది. తార్నాకలో ఆ వ్యాసాలు రాసినవాళ్లకూ మీ ప్రాసెస్ కెమిస్టులకూ మధ్య దూరం బస్సులో గంట. ఆ గంట ప్రయాణం జరగలేదు. పదవీ విరమణ చేసిన ఆచార్యుల ఫ్రిజ్‌లో మిగిలిన సీసాల గతి ఏమవుతుందో విశ్వవిద్యాలయాల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. చీటీ చెరిగిపోయిన సీసా ఎవరికీ పనికిరాదు. ఎన్నో పడవ ప్రయాణాలు, ఎందరో గజ ఈతగాళ్ల శ్రమ, ఎన్నో నెలల క్రోమటోగ్రఫీ ఆ సీసాలో ఉంటాయి.

అందుకే నేను ముందుగా అడిగేది ఒక కాంపౌండ్ లైబ్రరీ. మన దేశపు సముద్రజీవుల సారాలు, శుద్ధి చేసిన సమ్మేళనాలు, సముద్రపు సూక్ష్మజీవుల కల్చర్లు ఒక్కచోట, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో, ఎక్కడ ఏ లోతులో ఎప్పుడు సేకరించారన్న వివరంతో సహా భద్రపరచాలి. వాటి నిర్మాణాన్ని పట్టిచ్చే ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రాలు అందరికీ అందుబాటులో ఉండాలి. తెలిసిన అణువునే మళ్లీ మళ్లీ కనిపెట్టి నెలలు పోగొట్టుకోవడం ఈ రంగానికి పాత జబ్బు, దానికి ఇదే విరుగుడు. ఏ కంపెనీ అయినా, ఏ విశ్వవిద్యాలయ విద్యార్థి అయినా దరఖాస్తు పెట్టుకుంటే ఒక పళ్లెం నమూనాలు పరీక్షకు ఇవ్వాలి. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తుగా ఉన్నా రెండేళ్లలో మూతపడుతుంది.

డబ్బు మాట వస్తుంది, రావాలి కూడా. జనరిక్ వ్యాపారం మూడు నెలలకోసారి లెక్క చెప్పుకునే వ్యాపారం. సముద్రం నుంచి వచ్చే అణువు పదిహేను, ఇరవై ఏళ్లు అడుగుతుంది. బహామాస్ దగ్గర సముద్రగర్భపు మట్టిలో దొరికిన సాలినిస్పోరా అనే బాక్టీరియా ఇచ్చిన సాలినోస్పొరమైడ్-ఎ 2003లో వెలుగు చూసింది. ఎంతో ఆశ పెట్టుకున్నారు, మెదడు క్యాన్సర్ మీద చివరి దశ ప్రయోగంలో నిలబడలేదు. ఇలాంటి ఓటములు ఇంకా ఉంటాయి. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజి రెడ్డి గారు 1990లలో కొత్త అణువుల పరిశోధనకు తెగించినప్పుడు, మధుమేహం కోసం చేసిన బాలాగ్లిటజోన్‌ను 1997లో నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చినప్పుడు ఈ నగరమంతా గర్వపడింది. ఆ అణువు చివరికి మందు కాలేదు. కానీ ఆ ప్రయత్నంలో తయారైన కెమిస్టులు, బయాలజిస్టులు ఈ నగరంలో ఎన్ని లాబొరేటరీలకు ప్రాణం పోశారో మీకే బాగా తెలుసు. ఒక్కో కంపెనీ విడిగా మోయలేని భారాన్ని పది కంపెనీలు పదేళ్లకు ఒప్పుకుని మోయాలని అడుగుతున్నాను. ప్రభుత్వం వైపు నుంచి కూడా దారులు ఉన్నాయి. 2021లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు కేటాయించారు, సముద్రగర్భపు జీవవైవిధ్యం అందులో ఒక భాగం. ఔషధ పరిశోధనను ప్రోత్సహించే పీఆర్ఐపీ పథకానికి 2023లో 5,000 కోట్లు ప్రకటించారు, బాలానగర్‌లోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ నైపర్ కూడా అందులో భాగస్వామి. ఒకటి సముద్రానిది, ఇంకొకటి మందులది. ఈ రెండింటినీ కలిపి అడిగే గొంతు ఎక్కడి నుంచైనా రావాలంటే హైదరాబాద్ నుంచే రావాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా ఔషధ కంపెనీ లెడర్లీలో పరిశోధన నడిపిన కాలంలో ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి అందులోని సూక్ష్మజీవులను వెతికించారు. అలా 1948లో మొదటి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ అయిన ఆరియోమైసిన్ లోకానికి అందింది. మట్టిని అంత ఓపికగా జల్లెడ పట్టిన తెలుగువాడి పేరు ప్రతి సభలో తలుచుకుంటాం. సముద్రపు మట్టిని మనం ఇంకా అలా జల్లెడ పట్టలేదు. 1945లో సార్డీనియా దీవిలో గియుసెప్పే బ్రోట్జు మురుగునీరు కలిసే చోట సముద్రపు నీటిలో పట్టుకున్న శిలీంధ్రం నుంచే సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లు పుట్టాయి. మన పిల్లలకు జ్వరమొస్తే డాక్టరు రాసే సెఫిక్సిమ్ ఆ వంశానిదే. ఇప్పుడు పాత యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి. ఈ విషయంలో మన నగరం మీద ఒక బాధ్యత ఉంది. పటాన్‌చెరు దగ్గర శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. యాంటీబయాటిక్‌లు అమ్మి ఎదిగిన నగరం కొత్త యాంటీబయాటిక్‌ల వెతుకులాటకు డబ్బు పెట్టడం న్యాయం. అది దానం కాదు, బాకీ.

ఇక తీరం సంగతి. మనకు కావలసిన నమూనాల్లో చాలావాటి కోసం కొత్తగా సముద్రాన్ని తవ్వనక్కర్లేదు. కాకినాడలో, విశాఖలో మరపడవల వలల్లో చేపలతోపాటు స్పంజికలు, నత్తలు, సముద్రపు కుందేళ్లు వచ్చి పడతాయి. ఒడ్డున విసిరేస్తారు. వలలో పడ్డ దేన్ని ముట్టుకుంటే చెయ్యి మండుతుందో, దేన్ని చేపలు కూడా తినవో మత్స్యకారులకు తెలుసు. మందు వెతికేవాడికి అంతకంటే మంచి ఆనవాలు లేదు. హైదరాబాద్‌కూ వాళ్లకూ మధ్య ఒక వంతెన ఇప్పటికే ఉంది. ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి ఎక్కడ చేపలు దొరుకుతాయో, ఎప్పుడు అలలు ఎగసిపడతాయో చెప్పే సూచనలు తెలుగులో వాళ్లకు చేరుతున్నాయి. ఆ నమ్మకాన్ని ఆధారం చేసుకుని, సేకరణలో వాళ్లను కూలీలుగా కాక భాగస్వాములుగా చేర్చుకోండి. ఒప్పందం తెలుగులో రాయండి. అణువు మందయితే వాళ్ల సంఘానికి ఎంత వాటా అన్నది సేకరణకు ముందే తేల్చండి, తర్వాత కాదు. జీవవనరుల లాభాన్ని పంచుకోవాలన్న నగోయా ఒప్పందాన్ని మన దేశం ధ్రువీకరించింది 2012 అక్టోబర్‌లో, జీవవైవిధ్య సదస్సు మన హైదరాబాద్‌లో జరుగుతున్న రోజుల్లోనే. అంతర్జాతీయ జలాల్లోని జన్యువనరులకు కూడా ఇలాంటి నియమాలు పెట్టిన కొత్త ఒప్పందం 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. చట్టాన్ని అడ్డంకిగా చూసే అలవాటు మీలో కొందరికి ఉందని విన్నాను. నిజానికి స్పష్టమైన పత్రం లేని నమూనా నుంచి వచ్చిన అణువు పేటెంటు రేపు చిక్కుల్లో పడవచ్చు.

సేకరణకు హద్దు కూడా ముందే గీయాలి. పగడపు దిబ్బల దగ్గర, మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో కిలోల లెక్కన స్పంజికలు కోసే పని ఈ కార్యక్రమంలో ఉండకూడదు. కొన్ని గ్రాములు చాలు. ఎన్‌ఎంఆర్‌కు ఇప్పుడు మిల్లీగ్రాములో కొంత సరిపోతుంది. అసలు తయారీదారు చాలాసార్లు లోపలి సూక్ష్మజీవే కాబట్టి, దాని జన్యువులను చదివి, ప్రయోగశాలలో పెరిగే మరో బాక్టీరియాలో వాటిని చేర్చి అణువును రాబట్టే దారిలో పరిశోధన నడవాలి. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి జన్యువులు చదవడం వచ్చు. కోరింగ మడ అడవుల బురద ఒక చెంచాడు ఇస్తే ఏళ్ల తరబడి పని దొరుకుతుంది. ఒక జీవి పేరు కచ్చితంగా చెప్పగల వర్గీకరణ నిపుణులు మాత్రం మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే మిగిలారు. కనీసం ఇద్దరు యువ జంతుశాస్త్రజ్ఞులకు స్పంజికల వర్గీకరణలో పదేళ్ల ఉద్యోగం ఇవ్వండి. మీ ఒక్క రియాక్టరు మరమ్మతు ఖర్చు కూడా కాదు అది.

మా పిల్లలు ఎం.ఎస్సీ. పూర్తిచేసి మీ గేట్ల దగ్గరికి వస్తారు. మొదటి అయిదేళ్లూ వాళ్ల చేత ఎవరో, ఎక్కడో కనిపెట్టిన అణువు చేయిస్తారు. వాళ్ల చేతులు బంగారం. ఆ చేతులకు ఒక్కసారైనా ఇంతవరకు ఎవరూ తయారుచేయని అణువు అందాలని ఒక ఉపాధ్యాయురాలిగా కోరుకుంటున్నాను.

వచ్చే బయోఆసియా సదస్సులోపు ఒక పూట మీరంతా, ఐఐసీటీ, నైపర్, సీసీఎంబీ, ఇన్‌కాయిస్‌ల ప్రతినిధులు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు, కాకినాడ, విశాఖ మత్స్యకార సంఘాల పెద్దలు ఒక గదిలో కూర్చోండి. లైబ్రరీ ఎక్కడ పెట్టాలి, మొదటి పదేళ్ల ఖర్చు ఎవరు ఎంత భరించాలి, ఇప్పటికే ఫ్రిజ్‌లలో ఉన్న పాత నమూనాల జాబితా ఎవరు తయారుచేయాలి అన్న మూడు ప్రశ్నలకు ఆ పూటే జవాబు రాసి బయటకు రండి. పాత నమూనాల జాబితా పనికి మా కాలేజీ విద్యార్థులు సెలవుల్లో వస్తారు, నేను దగ్గరుండి చేయిస్తాను. మీ కంపెనీ తరఫున ఎవరిని పంపుతారో చెప్పండి.

ఇట్లు,
ఒక రసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాద్